వేగవంతం అనే మాటకు కాస్త విశ్రాంతి ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ ఉత్తరం పొడవైనదని నాకు ముందే తెలుసు. కత్తిరించాల్సి వస్తే ఎక్కడైనా కత్తిరించండి కానీ రబ్బరు సంగతి మాత్రం ఉంచండి. అది నా కడుపులో చాలా ఏళ్లుగా ఉన్న విషయం.

కిందటి వారం మీ పత్రిక లోపలి పేజీలో ఒక చిన్న వార్త చదివాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక కేన్సర్ మందుకు 'వేగవంతమైన అనుమతి' ఇచ్చిందట. అదే పేజీలో కాస్త పక్కన, ఒక వంతెన పనులను 'వేగవంతం' చేయాలని అధికారులు ఆదేశించారు. కింద వ్యాపార వార్తల్లో ఏదో దేశపు ఆర్థిక వృద్ధి 'వేగవంతమైంది'. నాకు తిక్క పుట్టి ఎర్ర కలం తీసుకుని సున్నాలు చుట్టుకుంటూ పోయాను. ఆ రోజు పత్రిక మొత్తం మీద పదకొండు తేలాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియకు చేసిన అనువాదాలని నా అనుమానం. ఆ క్రియ యాక్సిలరేట్.

నేను భాషా పండితుణ్ణి కాను. ముప్పై ఒక్క ఏళ్లు టైర్ల కర్మాగారంలో, మిక్సింగ్ విభాగంలో పనిచేసి షిఫ్ట్ ఇన్‌చార్జిగా పదవీ విరమణ చేశాను. లోకమంతటికీ యాక్సిలరేటర్ అంటే కాలితో తొక్కేది. మాకు మాత్రం అది సంచిలో వచ్చే పొడి. కొలిచి పెట్టిన పొట్లాలను సాయంత్రం షిఫ్ట్ వాళ్లకు లెక్కపెట్టి అప్పగించి సంతకం తీసుకునే దాకా ఇంటికి కదలడానికి ఉండేది కాదు. అంత జాగ్రత్త ఎందుకో చెబితే, ఈ క్రియ గురించి నేను చెప్పదలచినది సగం చెప్పినట్టే.

పచ్చి రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే అది గట్టిపడి, సాగదీసినా తిరిగి తన ఆకారానికి వస్తుందని ఛార్లెస్ గుడియర్ 1839లో కనిపెట్టాడు. కానీ ఒట్టి గంధకంతో ఆ పని జరగాలంటే చాలా సేపు పడుతుంది. నూరు పాళ్ల రబ్బరుకు ఎనిమిది పాళ్ల గంధకం కలిపి 140 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు 5 గంటలు. 1906లో జార్జ్ ఓయెన్‌స్లేగర్ అనే రసాయన శాస్త్రవేత్త అనిలీన్ కలిపి చూస్తే ఆ సమయం బాగా తగ్గింది. ఆ తర్వాత వచ్చిన రకాలతో, నూరు పాళ్లకు అర పాలు పొడి వేసినా, గంటలు పట్టే పని నిమిషాల్లోకి దిగింది. ఆ పొడులకే యాక్సిలరేటర్లని పేరు.

ఇప్పుడు మా కష్టం చెబుతాను. రబ్బరు, కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడి, నూనె, జింక్ ఆక్సైడ్ వేసి పెద్ద మిక్సర్‌లో మొదటి విడత కలుపుతాం. ఆ రాపిడికి సరుకు 150 డిగ్రీలు దాటిపోతుంది. అప్పుడు గనక యాక్సిలరేటర్ వేశామా, కొంప మునుగుతుంది. అందుకని దాన్ని దింపి, రోలర్ల మీద షీటుగా సాగదీసి, చల్లార్చి, రెండో విడతలో గంధకంతో పాటు ఈ పొడి వేస్తాం. అప్పుడు కూడా 110 డిగ్రీల లోపు దింపేయాలి. రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉంటే బ్యాచ్ స్కార్చ్ అవుతుంది, అంటే అచ్చులోకి వెళ్లక ముందే గట్టిపడిపోతుంది. రోలర్ల మీద నున్నగా రావాల్సిన షీటు గరుకు తేలుతుంది. చేత్తో నిమిరితే ఇసుక పోసినట్టు గట్టి రేణువులు తగులుతాయి. ఇక దాన్ని కరిగించి వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. ఒక రాత్రి నా చేతి మీదుగానే అలా మూడు బ్యాచ్‌లు పోయాయి. పొడి మంచిదే, కొలత సరైనదే, మనిషే తొందరపడ్డాడు. తెల్లవారుజామున ఆ షీట్ల పక్కన నిలబడి నివేదిక రాశాను. 'యాక్సిలరేటర్ ముందుగా పనిచేసింది' అని రాసి, మళ్లీ కొట్టేసి, 'వేడి దిగక ముందే యాక్సిలరేటర్ వేయడం జరిగింది' అన్నాను. వేసింది ఎవరో ఆ వాక్యంలో లేదు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత సల్ఫెనమైడ్ అనే యాక్సిలరేటర్ రకాల వాడకం మా దగ్గర పెరిగింది. డబ్బా మీద ఇంగ్లీషులో డిలేడ్ యాక్షన్ యాక్సిలరేటర్ అని ఉండేది. ఆలస్యంగా పనిచేసే వేగకారి! కొత్తగా చేరిన కుర్రవాడు ఒకడు అది చదివి పడీపడీ నవ్వాడు. నిజానికి అందులో నవ్వడానికి ఏమీ లేదు. కలిపేటప్పుడు, ఆకారం ఇచ్చేటప్పుడు అది కదలదు, మెదలదు. అచ్చులోకి వెళ్లి వేడి తగిలాక, కాసేపు ఆగి, అప్పుడు ఒక్క ఊపున పని ముగిస్తుంది. కారు టైరు పది పదిహేను నిమిషాల్లో తయారై బయటికి వచ్చేది దాని పుణ్యానే. మా పెద్ద మిక్సర్ దగ్గర పనిచేసే ఒక పాత కార్మికుడికి ఇంగ్లీషు రాదు. ఆయన దానికి 'ఆగి అందుకునే మందు' అని పేరు పెట్టాడు. నేను చూసిన సాంకేతిక అనువాదాల్లో అంత చక్కనిది మరొకటి లేదు. 'వేగవంతం' అనే మాటే అందులో లేదు చూడండి.

ఇంతకీ నేను చెప్పేది ఇదీ. యాక్సిలరేట్ అన్న మాట వేగాన్ని చెప్పదు, మార్పును చెబుతుంది. ఉన్నదాని కంటే ముందు జరగడం, ఉన్న నడక మారడం. ఆ మార్పు ఏమిటన్నది సందర్భాన్ని బట్టి తేలాలి. వేగవంతం అంటే వేగం కలది అని అర్థం, అంతే. అది స్థితిని చెప్పే విశేషణం. దాన్ని పట్టుకొచ్చి మార్పును చెప్పే క్రియ స్థానంలో కూర్చోబెడితే, కూర్చుంటుంది గానీ పనిచేయదు.

దీని మూలంగా మా ఇంట్లోనే ఒక ముచ్చట జరిగింది. నా మేనల్లుడు చిన్న వ్యాపారం చేస్తాడు. అప్పు తీసుకున్నాడు, మూడు వాయిదాలు కట్టలేకపోయాడు. అప్పిచ్చిన సంస్థ నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఫోనులో ఫొటో తీసి అనువాదం చేయిస్తే 'మీ రుణం వేగవంతం చేయబడింది' అని వచ్చిందట. సంతోషం పట్టలేక నాకు ఫోను చేశాడు. "మామయ్యా, మిగతా డబ్బు కూడా తొందరగా ఇచ్చేస్తున్నారు" అన్నాడు. నాకు అనుమానం వచ్చి అసలు ఉత్తరం చదివి వినిపించమన్నాను. చదివాడు. నేను కాసేపు మాట్లాడలేదు. రుణ ఒప్పందాల్లో ఆ మాటకు అర్థం వేరు. వాయిదాలు తప్పితే, ఇంకా గడువు ఉన్న బాకీ మొత్తాన్ని ఇప్పుడే ఒక్కసారిగా కట్టమని అడిగే హక్కు అప్పిచ్చిన వాడికి వస్తుంది. రుణాన్ని యాక్సిలరేట్ చేయడమంటే అదీ. అక్కడ వేగంగా కదులుతున్నది ఏదైనా ఉందంటే అది మీద పడబోయే గడువే. "బాకీ అంతా ఒకేసారి కట్టమంటున్నారురా" అని తెలుగులో చెప్పాక వాడు ఫోను పెట్టేశాడు. ఆ వారం వాడు పడిన పాట్లు ఈ ఉత్తరానికి అనవసరం.

జమాఖర్చుల వాళ్లది ఇంకో దారి. యాక్సిలరేటెడ్ డిప్రిసియేషన్‌ను 'వేగవంతమైన తరుగుదల' అని రాస్తున్నారు. చదివినవాడు పాపం ఆ యంత్రం తొందరగా అరిగిపోతోందని అనుకుంటాడు. యంత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంటుంది. మొత్తం తరుగు కూడా మారదు. తొలి ఏళ్లలో ఎక్కువ, తర్వాతి ఏళ్లలో తక్కువ చూపిస్తారు, దాంతో ఆ తొలి ఏళ్ల పన్ను తగ్గుతుంది. 'ముందస్తు తరుగు' అంటే చాలదా?

ఇక మొదట చెప్పిన మందు వార్తకు వస్తాను. అమెరికా సంస్థ 1992లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి ప్రాణాంతకమైన, సరైన చికిత్స లేని జబ్బుల కోసం ఉద్దేశించినది. రోగి ఎక్కువ కాలం బతికాడా లేదా అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, కణితి పరిమాణం తగ్గడం వంటి ఒక గుర్తును చూసి ముందుగా అనుమతిస్తారు. అసలు మేలు జరిగిందని తర్వాతి పరీక్షల్లో కంపెనీ రుజువు చేయాలి. చేయలేకపోతే అనుమతి వెనక్కి పోవచ్చు. దస్త్రాన్ని త్వరగా పరిశీలించడానికి అక్కడే వేరే పద్ధతి ఉంది, దాని పేరూ వేరు. మీ వార్త చదివినవాడు ఏమనుకుంటాడు? దస్త్రం చకచకా కదిలిందని, మందు అంత గొప్పదని. నిజానికి రుజువు పూర్తి కాకముందే నిర్ణయం తీసుకున్నారు. 'షరతులతో ముందస్తు అనుమతి' అని రాసి ఉంటే, కేన్సర్ ఉన్న ఇంట్లో ఆ వార్త చదివే మనిషికి ఉన్నది ఉన్నట్టు తెలిసేది. వైద్యంలోనే దీనికి విరుద్ధమైనదీ ఒకటి ఉంది. గర్భంలోని బిడ్డ గుండె కొట్టుకునే తీరును నమోదు చేసే కాగితం మీద యాక్సిలరేషన్లు ఉన్నాయని వైద్యులు రాస్తే అది శుభవార్త. నెలలు నిండుతున్న బిడ్డ కదిలినప్పుడు గుండె కొట్టుకునే లెక్క నిమిషానికి కనీసం 15 పెరిగి, కనీసం 15 సెకన్లు నిలిచి, మళ్లీ మామూలుకు వస్తే బిడ్డ క్షేమంగా ఉందని గుర్తు. దాన్ని 'గుండె వేగవంతమైంది' అని అనువదించి తల్లి చేతికి ఇస్తే ఆమె గుండె నిజంగానే దడదడలాడుతుంది.

భౌతికశాస్త్రం జోలికి వెళ్లకూడదనుకున్నాను కానీ మా మనవరాలు వెళ్లనివ్వలేదు. మన పాఠ్యపుస్తకాలు ఈ విషయంలో పత్రికల కంటే ఎంతో నయం. ఎంత జోరుగా పోతున్నదో చెప్పడానికి వడి, దిశ కూడా కలిపితే వేగం, ఆ వేగం మారే రేటు త్వరణం. మూడింటికీ మూడు మాటలు ఉన్నాయి. "తాతయ్యా, కారులో యాక్సిలరేటర్లు ఎన్ని?" అని అడిగింది. ఒకటన్నాను. మూడట! తొక్కితే వడి పెంచేది ఒకటి, తగ్గించే బ్రేకు రెండోది, దిశ మార్చే స్టీరింగ్ మూడోది. మలుపులో వడి చూపే ముల్లు ఒకే అంకె మీద నిలబడి ఉన్నా, మన ఒళ్లు పక్కకు ఒరుగుతుంది కదా, అది త్వరణమే, వడి మాత్రం రవ్వంత కూడా పెరగలేదు. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. కాలి కింది పెడల్‌కు మాత్రమే ఆ పేరు దక్కడం చరిత్ర చేసిన అన్యాయం. (మనవాళ్లు దాన్ని ఎక్సలేటర్ అంటారు. కదిలే మెట్లను కూడా ఎక్సలేటర్ అనే వాళ్లున్నారు. రెండూ మనల్ని ముందుకు పంపేవే కాబట్టి నేను దిద్దడం మానేశాను.)

ఇంకా విడ్డూరం జెనీవా దగ్గర ఉంది. 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్లను తిప్పే యంత్రం. పేరుకు అది కణ త్వరణ యంత్రం. ప్రోటాన్లు దానిలోకి వచ్చేటప్పటికే కాంతి వేగంలో 99.999 శాతం దాటి ఉంటాయి. అక్కడి నుంచి వాటి శక్తిని 15 రెట్లు పెంచుతారు. వడి మాత్రం పది లక్షల్లో రెండు వంతులు పెరుగుతుంది, అంతే. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద యాక్సిలరేటర్ వేగాన్ని దాదాపు పెంచదన్నమాట. దాని మీద వార్త రాసే విలేకరి 'కణాలను వేగవంతం చేసే యంత్రం' అని రాస్తే తప్పు పట్టలేం కానీ, అసలు కథ ఆ మాట కింద పడి నలిగిపోతుంది. విశ్వం సంగతీ అంతే. దాని విస్తరణ నెమ్మదిస్తూ ఉండాలని అనుకుని శాస్త్రవేత్తలు ఆ కొలతకు మందగింపు అనే అర్థం వచ్చే పేరు ముందే పెట్టుకున్నారు. 1998లో రెండు బృందాలు దూరపు సూపర్నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, కొలిస్తే లెక్క తలకిందులైంది, విస్తరణ పెరుగుతూ ఉంది. 2011లో దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కొలత పేరు మాత్రం ఇప్పటికీ మందగింపే, ముందు ఒక మైనస్ గుర్తుతో.

ఆర్థిక పేజీ వారికి ఒక ప్రత్యేక మనవి. ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 4 శాతానికి వచ్చినప్పుడు 'దిగివచ్చిన ధరలు' అని శీర్షిక పెడుతున్నారు. ధరలు ఎక్కడ దిగాయండీ? నూరు ఉన్నది మొదటి ఏడు 106 అయింది, రెండో ఏడు 110 దాటింది. పెరుగుదల నెమ్మదించింది, అంతే. బండి ఇంకా ముందుకే పోతోంది, తొక్కడం కాస్త తగ్గించారు. వృద్ధి మందగిస్తే ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయిందని రాయడం కూడా ఇదే పొరపాటు. యాక్సిలరేట్‌ను, దాని వ్యతిరేకాన్ని వేగంగా, నెమ్మదిగా అని మాత్రమే అర్థం చేసుకుంటే ఈ తప్పు మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది.

కంప్యూటర్ల వాళ్లు, కొత్త కంపెనీలను సానపెట్టే వాళ్లు కూడా ఈ మాటను వాడుకుంటున్నారు. ఒకరి దగ్గర అది ఒక రకం పనిని వేరే చిప్‌కు అప్పగించడం, మరొకరి దగ్గర కొన్ని నెలల శిక్షణ, కొంత పెట్టుబడి. వాటి జోలికి పోను.

మరి తెలుగులో మాటలు లేవా అంటే, మీ పత్రికలోనే రోజూ ఉన్నాయి. ప్రచారం ఊపందుకుంటుంది, అమ్మకాలు జోరందుకుంటాయి, గాలింపు ముమ్మరమవుతుంది, వరద ఉధృతమవుతుంది, మార్కెట్ పుంజుకుంటుంది. ఒక్కోదానిలో ఒక్కో కదలిక కనిపిస్తుంది. ఊపందుకోవడంలో ఉయ్యాల ఉంది. ముమ్మరంలో మనుషుల సంఖ్య, పట్టుదల ఉన్నాయి. ఇవన్నీ జిల్లా వార్తల్లో రాస్తారు, ఎందుకంటే ఆ విలేకరి తెలుగులో చూసి తెలుగులో రాస్తాడు. ఏజెన్సీ నుంచి ఇంగ్లీషు వార్త రాగానే ఏమవుతుందో, కలం వేగవంతం దగ్గర ఆగిపోతుంది.

ఇంగ్లీషు వాళ్లు కూడా ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. యాక్సిలరేట్‌లో లాటిన్ వాళ్ల చురుకుదనం ఉంది. పని త్వరగా జరిగేలా చూడటమనే ఎక్స్‌పిడైట్‌లో ఉన్నది పాదం, సంకెళ్ల నుంచి కాళ్లు విడిపించడం దాని మొదటి అర్థం. స్పీడ్ అన్న మాటకు పాత ఇంగ్లీషులో అర్థం సౌభాగ్యం. మూడింటికీ మూడు పుట్టుకలు. మన దగ్గరికి వచ్చేసరికి మూడూ వేగవంతంలో కలిసిపోతున్నాయి. కాగితాలు ఎక్కడో ఇరుక్కుపోతే వాటి కాళ్లు విడిపించాలి, వేగం పెంచితే లాభమేమిటి?

ఇందాక మళ్లీ వస్తుందన్న విషయం ఇదీ. యాక్సిలరేట్ దానంతట అది జరిగేదానికీ, ఒకరు జరిపించేదానికీ ఒకే మాట. తెలుగు అలా వదిలిపెట్టదు. తొందరపడటం వేరు, తొందరపెట్టడం వేరు. త్వరపడేవాడు ఒకడు, త్వరపెట్టేవాడు ఇంకొకడు. 'సహాయక చర్యలు వేగవంతం' అనే శీర్షికలో క్రియే లేదు. చర్యలు వాటంతట అవే వేగం పుంజుకున్నాయా, ఎవరైనా పెంచారా, పెంచమని చెప్పి ఇంటికి వెళ్లిపోయారా? ఆ రాత్రి నా నివేదికలో నేను చేసిన పనే అది కూడా. పొడి వేసినవాడు వాక్యంలోంచి జారుకున్నాడు. మా మేనేజరు పొద్దున్నే ఆ కాగితం చదివి, 'వేయడం జరిగింది' కింద గీత గీసి, "వేసింది ఎవరు?" అని రాసి వెనక్కి పంపాడు. నేనే అని రాయక తప్పలేదు.

నా సూచనల్లో లోపాలు ఉండవచ్చు. ఉదాహరణకు తేదీ విషయంలో 'ముందుకు జరిపారు' అనడం నాకే నచ్చదు. ముందు అంటే వెనకటి కాలమా, రాబోయే కాలమా అన్నది మన భాషలోనే తేలని తగాదా. పరీక్ష ముందుకు జరిపారంటే సగం మంది తొందరగా వస్తుందనుకుంటారు, సగం మంది వాయిదా పడిందనుకుంటారు. అలాంటి చోట తేదీలు రెండూ రాసేయడం మేలు.

నేను సున్నాలు చుట్టిన పేజీలను ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. పది చోట్ల పక్కన నాకు తోచిన మాట రాశాను. మీ ఉప సంపాదకులకు నచ్చనివి కొట్టేయవచ్చు, నాకేమీ కోపం రాదు. పదకొండోదాన్ని ముట్టుకోలేదు. ఒక కొత్త రైలు పాతదాని కంటే వేగవంతమైనదని రాశారు. ఆ ఒక్క చోట ఆ మాట సరిగ్గా కుదిరింది.

ఇట్లు
టైర్ల కర్మాగారం మిక్సింగ్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మీ పాఠకుడు